కొరియాలో జపాను ఏలుబడి



పరుల ఏలుబడి యనగానే మనకు సముద్రములు దాటి యోడలపై వచ్చిన తెల్లదొరల పరిపాలనమే తలపునకు వచ్చును. కాని పొరుగింటివాడే గడప దాటి వచ్చి, ఇది నా యిల్లే యని కూర్చుండిన కథయు లోకములో కలదు. అట్టి కథ యొకటి నేడు మీకు విన్నవించెదను. అది కొరియా దేశపు కథ. 1910 మొదలుకొని 1945 వఱకు, ముప్పదియైదేండ్లు, ఆ దేశమును జపానువారు ఏలిరి. ఆ యేలుబడి ముగిసి ఎనుబదేండ్లు గడచినను, అది విడిచిపోయిన తగవులు నేటికిని పూర్తిగా తీఱలేదు.

ఆసియా ఖండపు తూర్పు కొసను, చీనా భూమినుండి దక్షిణముగా సముద్రములోనికి చొచ్చుకొని పోయిన ద్వీపకల్పము కొరియా. సన్నని జలసంధికి ఆవల జపాను దీవులు కలవు. ఈ రెండు దేశములకును పరిచయము క్రొత్తది కాదు. ఆరవ శతాబ్దిలో కొరియాలోని పెక్చే రాజ్యమునుండియే బౌద్ధధర్మము జపానునకు చేరినది. చీనా అక్షరవిద్యయు కొరియా పండితుల వెంట అచటికి పోయినది. ఒకప్పుడు గురుస్థానమున నున్న దేశమునే శిష్యదేశము పిదప కాలమున ఏలవచ్చినది. 1592లో జపాను నేలుచుండిన హిదెయోషి కొరియాపై దండెత్తి పంపగా, ఆరేండ్ల యుద్ధములో ఆ దేశము పాడయ్యెనే గాని లోబడలేదు.

పాశ్చాత్యుల యుద్ధనౌకలను చూచి మేల్కొన్న జపాను 1868 తరువాత తన రాజ్యతంత్రమును, సైన్యమును, విద్యను క్రొత్తగా దిద్దుకొనెను. అంతవఱకు మెచ్చదగినదే. కాని పాశ్చాత్యులు తనయెడల చేసిన పనినే అది తన పొరుగువానియెడల చేసెను. 1876లో గంగ్వా దీవికడ యుద్ధనౌకలను నిలిపి, కొరియాచేత సమానముకాని యొడంబడిక వ్రాయించుకొనెను. 1894లో చీనాతో యుద్ధము చేసి గెలిచి, మఱుసటి యేట తైవాను దీవిని పుచ్చుకొనెను. కొరియాపై చీనాకు గల పెద్దఱికము అంతటితో తొలగెను. ఆ 1895 అక్టోబరులోనే, తమకు అడ్డు నిలిచిన కొరియా రాణి మిన్‌ను జపాను మనుష్యులు అంతఃపురము చొచ్చి చంపిరి. 1904-05లో రష్యాతో యుద్ధము చేసి, దానిని సైతము గెలిచిరి.

ఇచ్చట మనవారి విషయ మొకటి చెప్పవలసియున్నది. ఆసియా దేశమొకటి ఐరోపా దేశమును ఓడించినదని విని ఆనాడు మన దేశమున పొంగిపోయినవారు పెక్కురు. బాలుడుగా నున్న జవహర్‌లాల్ నెహ్రూయు ఆ విజయవార్తలకు ఉప్పొంగితినని తన యాత్మకథలో వ్రాసికొనెను. కాని ఆ 1905వ సంవత్సరముననే, నవంబరు 17వ తేదీన, జపాను సైనికులు రాజనగరు చుట్టును నిలిచియుండగా, ఇతో హిరొబూమి అను రాజకీయవేత్త కొరియా మంత్రులచేత మఱియొక యొడంబడికపై చేవ్రాళ్లు చేయించెను. దానివలన పరరాజ్యములతో మాటలాడు హక్కు కొరియాకు పోయెను. ఆ దుఃఖము మన చెవికి సోకలేదు. తరువాత పెక్కేండ్లకు అదే నెహ్రూ చెఱసాలలో కూర్చుండి కుమార్తెకు లోకచరిత్రను లేఖలుగా వ్రాయుచు, కొరియా పడిన పాట్లను తలచుకొనెను. ఒకని విజయము మనకు ముచ్చటగా నున్నప్పుడు, ఆ విజయరథము ఎవని పొలముమీదుగా నడచినదో కూడ చూడవలెనని దీనివలన తెలియుచున్నది.

1907లో గోజోంగ్ చక్రవర్తి హేగు నగరమున జరుగుచున్న అంతర్జాతీయ సభకు రహస్యముగా దూతలను పంపి మొఱపెట్టుకొనెను. సభవారు ఆ దూతలను లోనికి రానీయలేదు. జపానువారు మాత్రము ఆ నెపమున ఆయనను గద్దె దింపి, కుమారుని కూర్చుండబెట్టి, కొరియా సైన్యమును రద్దుచేసిరి. ఇంటికి పొమ్మన్న సిపాయీలలో పెక్కుమంది కొండలెక్కి, పల్లెల రైతులతో కలిసి కొన్నియేండ్లు పోరాడిరి. 1909 అక్టోబరు 26న హార్బిన్ రైలునిలయమున ఆన్ జుంగ్-గున్ అను యువకుడు ఇతోను తుపాకితో కాల్చి చంపెను. 1910 మార్చి 26న అతనిని ఉరితీసిరి. ఆ యేడు ఆగస్టు 22న విలీనపు ఒడంబడిక వ్రాయబడెను. 29న దానిని లోకమునకు చాటిరి. అయిదువందల యేండ్లు నిలిచిన చోసన్ రాజవంశపు రాజ్యము ఆ దినముతో ముగిసెను.

ఇక ఏలుబడి సంగతి. వచ్చిన గవర్నరు జనరలులందఱును సేనానులే. మొదటివాడు తెరౌచి మసతాకె. ఊరూర పోలీసుపని సైనికులది. 1912నాటి శాసనము ప్రకారము కొరియావారికి మాత్రమే కొరడాదెబ్బల శిక్ష. అదే తప్పు చేసిన జపానువానికి ఆ శిక్ష లేదు. బడిపంతుళ్లు సైతము ప్రభుత్వపు దుస్తులు ధరించి, నడుమున కత్తి వ్రేలాడగా పాఠములు చెప్పుచుండిరి. నేను ముప్పదియేండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పినవాడను. పంతులు చేత సుద్దముక్క యుండును. ఒక్కొక్కప్పుడు బెత్తమును ఉండును. మొలను కత్తి కట్టుకొనినవానికి పిల్లవాడు అక్షరము అప్పగించునా, భయము అప్పగించునా యని నాకు తోచుచుండును.

నేల విషయము మీకు సులభముగా బోధపడును. 1910 మొదలు 1918 వఱకు దేశమంతయు సర్వే జరిగెను. ప్రతి భూస్వామియు గడువులోపల తన భూమిని కాగితముపై వ్రాసి దాఖలు చేసికొనవలెను. సర్వే చేయుట తప్పు కాదు. మన దేశమునను రాళ్లు పాతిరి, కరణములు లెక్కలు వ్రాసిరి. కాని వ్రాతలో ఎవని పేరు ఎక్కినది, ఎవని పేరు జాఱిపోయినది అనునదియే ప్రశ్న. రాచభూములును పాత సర్కారు భూములును క్రొత్త దొరతనము వశమైనవి. ఆ భూములను తాత తండ్రులనాటినుండి దున్నుకొనుచున్న రైతులకు వాడుకగా వచ్చిన హక్కులు పుస్తకములో చోటు పొందలేదు. నిన్నటివఱకు ఇది మా మడి యన్నవాడు నేడు కౌలుదారు డయ్యెను. 1908లోనే ఏర్పడిన ప్రాచ్యాభివృద్ధి కంపెనీ విరివిగా భూములు చేకూర్చుకొని, జపానునుండి కాపులను తెచ్చి నిలిపెను. కొరియా భూస్వాములలో కొందఱు ఈ మార్పువలన బలిసిరి. చితికినవాడు చిన్నరైతు.

1920 తరువాత వరిపంట హెచ్చించు పథకము పెట్టిరి. కాలువలు త్రవ్విరి, క్రొత్త విత్తనములు తెచ్చిరి, పంట పెరిగినది. కాని పెరిగిన పంటకంటె ఓడలకెక్కిన బియ్యము వేగముగా పెరిగినది. 1930 తరువాతి యేండ్లలో పండిన బియ్యములో మూడింట ఒక పాలునకు మించి జపానునకే పోవుచుండెను. వరి పండించిన చేతులకు మంచూరియానుండి తెచ్చిన కొఱ్ఱలు మొదలగు చిఱుధాన్యములు దక్కినవి. పంట పెరిగినదని లెక్క చెప్పువాడు, తిన్నవా డెవడో కూడ చెప్పిననే ఆ లెక్క పూర్తియగును.

1919 జనవరిలో గోజోంగ్ మరణించెను. అంత్యక్రియలు చూచుటకు జనులు రాజధానియైన సియోలునకు తండోపతండములుగా వచ్చుచుండిరి. మార్చి 1న ముప్పదిమువ్వురు పెద్దలు స్వాతంత్ర్య ప్రకటనపై చేవ్రాళ్లు చేసి తమంతట తామే పట్టువడిరి. పగోడా ఉద్యానమున ఒక యువకుడు ఆ ప్రకటనమును ఎలుగెత్తి చదివెను. చేత కత్తి లేదు, తుపాకి లేదు, జయధ్వానము మాత్రమే. అది దేశమంతట వ్యాపించెను. దొరతనమువారు తుపాకులతో బదులు చెప్పిరి. చనిపోయినవారు 553 మంది యని ప్రభుత్వపు లెక్క. ఏడున్నర వేలని కొరియా చరిత్రకారుడు పాక్ ఉన్-సిక్ లెక్క. ర్యూ గ్వాన్-సూన్ అను విద్యార్థిని సొంతయూరి సంతలో జనులను కూడగట్టి, చెఱసాల పాలై, 1920 సెప్టెంబరులో అక్కడనే ప్రాణము విడిచెను. ఆమెకు అప్పటికి పదునేడేండ్లు.

ఇంకొక సంగతి మీ మనస్సునకు తప్పక తగులును. 1919 ఏప్రిల్ 13న అమృతసరమున జలియన్‌వాలాబాగు ఘోరము జరిగెను. సరిగా రెండు దినములకు, ఏప్రిల్ 15న, సియోలునకు దక్షిణముననున్న జేఆమ్-ని అను పల్లెలో జపాను సైనికులు గ్రామస్థులను ప్రార్థనామందిరములోనికి పిలిచి, తలుపులు మూసి, కాల్చి, మందిరమునకు నిప్పు పెట్టిరి. ఇరువదిమందికి పైగా చనిపోయిరి. ఇక్కడ ఏలినవాడు దూరపు తెల్లవాడు, అక్కడ ఏలినవాడు పొరుగువాడు. చావు మాత్రము ఒక్కతీరు.

ఈ యలజడి తరువాత దొరతనము కొంత మెత్తబడెను. సైతో మకొతో గవర్నరుగా వచ్చి, పంతుళ్ల కత్తులు తీయించి, కొరడా శిక్షను మాన్పించి, 1920లో కొరియా భాషలో పత్రికలు వెలువడనిచ్చెను. పోలీసుల సంఖ్య మాత్రము తగ్గలేదు, పెరిగినది. ఆ పత్రికలలో నొకటి దోంగా ఇల్బో. 1936లో బెర్లిను నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో సోన్ కీ-జోంగ్ అను కొరియా యువకుడు మారథాను పరుగున మొదటివాడుగా నిలిచెను. కాని అతని రొమ్మున నున్నది జపాను గుర్తు; పలికిన పేరు జపాను ఉచ్చారణలోని పేరు. దోంగా ఇల్బోవారు ఆతని చిత్రమును అచ్చువేయునపుడు రొమ్ముమీది ఆ సూర్యబింబమును చెఱిపివేసిరి. అందులకు పత్రిక నెలల తరబడి మూతవడెను. ఉద్యోగులు చెఱకు పోయిరి. పందెము గెలిచినవాడు గెలుపు తనదని చెప్పుకొనలేని స్థితి యది.

1937లో చీనాపై పెద్దయుద్ధము మొదలైన పిదప ముసుగు తొలగెను. కొరియావారిని జపానువారిగానే మార్చివేయవలెనని సంకల్పించిరి. 1938లో బడులలో కొరియా భాష ఐచ్ఛిక విషయమయ్యెను. మఱి కొన్నియేండ్లకు పాఠక్రమమునుండియే తొలగెను. 'జాతీయభాష' యనగా జపాను భాషయే. ఆటస్థలములో తల్లిభాష మాటలాడిన పసివానికి శిక్ష. 1940 ఆగస్టులో కొరియా పత్రికలు మూతవడెను. ఆ 1940లోనే, ఫిబ్రవరి 11 మొదలుకొని ఆఱు నెలలలోపల, ప్రతి కుటుంబమును జపాను పద్ధతి యింటిపేరు వ్రాయించుకొనవలె నని యేర్పాటు చేసిరి. కొరియావారికి వంశము ప్రాణము. వారు వంశవృక్షములను తరతరములు గ్రంథములుగా వ్రాసి దాచుకొందురు. ఒకే మూలస్థానముగల ఒకే వంశమువారు పెండ్లియాడుటయు ఆనాడు వారికి నిషిద్ధముగా నుండెను. మన గోత్రనియమము వంటిదే. అట్టివారిని పేరు మార్చుకొమ్మనిరి. బలవంతము లేదని కాగితముమీద వ్రాసిరి. కాని పేరు మార్చుకొననివాని బిడ్డకు బడిలో చేరిక కష్టము, వానికి కొలువు దొరకుట కష్టము. గడువు ముగియునప్పటికి నూటికి ఇంచుమించు ఎనుబది కుటుంబములవారు క్రొత్తపేళ్లు వ్రాయించుకొనిరి.

నుడి కథ చెప్పుటకై ఒక్క మెట్టు వెనుకకు పోవలెను. కొరియావారి లిపికి హంగుల్ అని పేరు. దానిని 1443లో సేజోంగ్ రాజు కల్పించి, 1446లో ప్రకటించెను. సామాన్యజనులు సులభముగా నేర్చుకొనవలెననియే ఆయన యుద్దేశము. పండితులు శతాబ్దుల తరబడి చీనా లిపినే గౌరవించి దీనిని చిన్నచూపు చూచిరి. సంస్కృతమును తలకెత్తుకొని తెలుగును పక్కకు నెట్టిన పండితులు మనలోను లేకపోలేదు. దేశము పోవుచున్న కాలమున జు సి-గ్యోంగ్ అను ఉపాధ్యాయుడు బడినుండి బడికి పుస్తకముల మూట మోసికొని పోవుచు, నుడి నిలిచిన జాతి నిలుచునని బోధించెను. 1911 ప్రాంతమున ఆయనయు సహచరులును నిఘంటువు మొదలిడిరి. మన ఆంధ్రసాహిత్యపరిషత్తు పుట్టినదియు 1911లోనే. సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆ పరిషత్తు కృషియే. మనవారికి ధనము చాలని బాధ యుండెను గాని పదము వ్రాసినందులకు చెఱసాల లేదు. జు 1914లో అకాలమరణము పొందగా పని ఆగిపోయెను.

ఆయన శిష్యులు 1921లో భాషాసంఘము స్థాపించి, 1929లో మరల నిఘంటువు పని చేపట్టిరి. 1933లో వర్ణక్రమ నియమములు స్థిరపఱచిరి. ఊరూరి పలుకుబడులను సేకరించి చీటీలపై వ్రాసికొనిరి. 1942లో హంహుంగ్ పట్టణమున ఒక విద్యార్థిని విషయమై పోలీసులు జరిపిన విచారణనుండి తీగ లాగి, అక్టోబరు మొదలుకొని సంఘమువారిని వరుసగా పట్టుకొనిరి. నిఘంటువు కూర్చుట రాజద్రోహమని అభియోగము! యీ యున్-జే 1943 డిసెంబరులోను, హాన్ జింగ్ 1944 ఫిబ్రవరిలోను చెఱలోనే చనిపోయిరి. యీ గుక్-రోకు ఆఱేండ్లు, ఛో హ్యోన్-బేకు నాలుగేండ్లు శిక్ష పడెను. వ్రాతప్రతి సాక్ష్యముగా పోలీసులపాలై కనబడకుండ పోయెను.

ఆ యుద్ధకాలమున పోయినవి మాటలు మాత్రమే కావు. లక్షలకొలది కొరియా పురుషులను జపాను గనులకును కర్మాగారములకును తరలించిరి. 1944లో నిర్బంధ సైనికసేవ పెట్టిరి. వేలకొలది బాలికలను, యువతులను పని యిప్పింతుమని మభ్యపెట్టియు, బలవంతముగను కొనిపోయి సైనికుల శిబిరములలో చెఱపట్టిరి. వారు సిగ్గుచేతను భయముచేతను నోరు విప్పలేదు. 1991 ఆగస్టులో కిమ్ హాక్-సూన్ అను వృద్ధురాలు అందఱి యెదుట తన పేరు చెప్పి, జరిగినది చెప్పెను. 1993లో జపాను ప్రభుత్వము ఆ తప్పులో సైన్యమునకు పాలు కలదని ఒప్పుకొనెను. యూన్ దోంగ్-జు అను కవి, తన భాషలో కవితలు వ్రాసికొనుచుండినవాడు, ఫుకుఓకా చెఱసాలలో 1945 ఫిబ్రవరి 16న, ఇరువదియేడేండ్లకే మరణించెను. ఇంకొక ఆఱు నెలలు బ్రదికియుండిన, ఆగస్టు 15న, ఆ యేలుబడి ముగియుట చూచియుండును.

జపాను జాతి నంతటిని ఒక్కగాట కట్టుట న్యాయము కాదు. 1922లో సియోలు రాజనగరి ద్వారమును పడగొట్టబోవగా, యనాగి మునెయోషి అను జపాను విద్వాంసుడు దానికై విలపించి వ్రాసెను. ఫుసె తత్సుజి అను జపాను న్యాయవాది కొరియా దేశభక్తుల పక్షమున న్యాయస్థానములలో వాదించెను. దక్షిణ కొరియా 2004లో ఆయన స్మృతికి గౌరవబిరుద మిచ్చెను.

ఇక ఈ యేలుబడి విడిచిపోయిన దేమి? రైలుమార్గములు లేవా, రేవులు లేవా, యాలూ నదిపై పెద్ద ఆనకట్ట లేదా యని యడుగువారు కలరు. ఇంగ్లీషువారిని గూర్చి మనకును ఈ మాటలే చెప్పుదురు. రైళ్లు నిజమే. అవి రేవులకు బియ్యమును, మంచూరియా సరిహద్దునకు సైన్యమును మోయుటకు వేసినవనుటయు నిజమే. బడులు నిజమే, విమోచనకాలమున వయోజనులలో పెక్కుమందికి అక్షరము రాదనుటయు నిజమే. ఇంటిలో దూరినవాడు బావి త్రవ్వించెను గదా యని యింటివాడు సంతోషింపవలెనా? బావి నీళ్లు నేడు త్రాగవచ్చును; కాని ఆ నీళ్లు ఆనాడు ఎవరి తోటకు పాఱినవో మఱువరాదు.

కష్టములు 1945తో తీఱలేదు. జపాను సేనలను లొంగదీసికొనుటకై ఉత్తరమున రష్యావారు, దక్షిణమున అమెరికావారు 38వ అక్షాంశమువద్ద గీత గీసిరి. 1948లో రెండు ప్రభుత్వము లేర్పడెను. 1950 మొదలు 1953 వఱకు అన్నదమ్ములు యుద్ధము చేసిరి. యుద్ధఖైదీలను కాపాడుటకు మన భారతసేన పోయినది. దక్షిణమున జపాను కాలపు పోలీసులే పెక్కుమంది క్రొత్త దొరతనమునను కొలువులో నిలిచిరి. పరులతో చేతులు కలిపినవారిని విచారించుటకై 1948లో ఏర్పడిన సంఘము మఱుసటి యేడే పోలీసుల దౌర్జన్యమునకు గుఱియై మూలబడెను. 1965లో జపాను 30 కోట్ల డాలర్లు ఉచితముగను, 20 కోట్లు అప్పుగను ఇచ్చి సంధి చేసికొనెను. అంతటితో ఋణము తీఱినదని జపాను మాట. కర్మాగారములలో నిర్బంధముగా కష్టపడినవానికి చెల్లవలసిన పరిహారము ఇంకను నిలిచియున్నదని 2018లో దక్షిణ కొరియా అత్యున్నత న్యాయస్థానపు తీర్పు. రాజనగరి ముంగిట 1926లో కట్టిన గవర్నరు జనరలు భవనమును 1995-96లో పడగొట్టిరి. ప్రాథమిక పాఠశాలకు జపాను పాలకులు పెట్టిన పేరును 1996లో మార్చిరి. పేరు మార్చుటకే యేబదియేండ్లు పట్టినది.

చివఱగా ఆ నిఘంటువు సంగతి. 1945 సెప్టెంబరు 8న, సియోలు రైలునిలయపు గిడ్డంగిలో, ఎవరికిని పట్టని మూటల నడుమ, ఆ వ్రాతప్రతి దొరకెను. చెఱనుండి బయటపడిన పండితులు దానిని చేతికెత్తుకొని మరల పనికి కూర్చుండిరి. 1947 అక్టోబరు 9న మొదటి సంపుటము వెలువడెను. నడుమ యుద్ధము వచ్చినను ఆపక, 1957లో ఆఱవ సంపుటముతో ముగించిరి. దేశము చీలినపుడు యీ గుక్-రో ఉత్తరమున నిలిచెను, ఛో హ్యోన్-బే దక్షిణమున నిలిచెను. ఒకే చెఱసాలలో మగ్గిన యిద్దఱును గీతకు చెఱియొక వైపున ఒకే నుడిని సాకిరి.

ఇన్నాళ్లలో రెండు వైపుల మాటలలో భేదములు పుట్టినవి. అయినను 1933లో ఆ సంఘము దిద్దిన వర్ణక్రమమే రెండింటికిని మూలము. రెండు వైపుల పండితులు కలిసి ఒక ఉమ్మడి నిఘంటువు కూర్చుటకు 2005లో పూనుకొనిరి. నేలపై గీత యున్నది, సేనలు ఎదురెదురుగా నిలిచియున్నవి. కాని ఉత్తరపు ముసలమ్మ మాట దక్షిణపు మనుమనికి నేటికిని తెలియును. జపాను ఏలుబడి దేనిని చంపుటకు ఎక్కువగా ప్రయత్నించినదో, ఆ నుడియే నేడు చీలిన ఆ యింటిని కట్టియుంచుచున్న త్రాడు. మన యిండ్లలోని పిల్లలు తెలుగు చదువుట మానుకొనుచున్న యీ దినములలో, ఎవరి నిర్బంధమును లేకయే మనమే దానిని వదలుకొనుచున్నామేమో, పెద్దలు విచారింపవలెనని ప్రార్థించి సెలవు తీసికొనుచున్నాను.